అవ్వ సాలు దాకా నీళ్లు

చిన్నప్పటి నుంచి నాకొక పాడు అలవాటు ఉంది. ఏ వస్తువు దానంతటది పని చేస్తున్నా దాని ముందు కూలబడి "దీనికెట్ల తెలుసు?" అని అడిగేదాన్ని. ఈల వెయ్యాలని కుక్కర్‌కు ఎట్ల తెలుసు? చల్లబడగానే ఆగిపోవాలని ఫ్రిజ్‌కు ఎట్ల తెలుసు? మా అమ్మ విసిగిపోయి, "నోరు మూస్కోవాల్నని నీకెప్పుడు తెలుస్తదే?" అనేది. ఆ ఒక్కటీ నాకు ఇప్పటికీ తెలియలేదు. మిగతా ప్రశ్నలే చివరికి నాకు తిండి పెట్టాయి.

నేను చేసేది మెమరీ చిప్పుల డిజైను. అందులోనూ సమాచారం దాచుకునే గదులు నావి కావు. వాటి చుట్టూ అంచుల్లో ఉండే సర్క్యూట్లు నావి. పెరిఫెరల్ సర్క్యూట్లు అంటారు వాటిని. కాలేజీలో చదువుతున్నప్పుడు పుస్తకంలో మెమరీ బొమ్మ ఉండేది. మధ్యలో పెద్ద చతురస్రం, దాని చుట్టూ వేలి వెడల్పున నాలుగైదు డబ్బాలు. మధ్యలోని చతురస్రం గురించి మాస్టారు గంటసేపు చెప్పి, చుట్టూ ఉన్న డబ్బాల దగ్గరకొచ్చేసరికి "ఇవి పరీక్షలో రావు" అని పేజీ తిప్పేశారు. నాకు ఒళ్లు మండింది. మధ్యలో ఉన్నవి ఊరికే దాచుకుని కూర్చుంటాయి. ఏది కావాలో వెతికేవి, తీసేవి, చదివేవి, మళ్లీ పెట్టేవి అన్నీ ఆ బక్క డబ్బాలే. పరీక్షలో రావట!

ఉద్యోగం వచ్చాక ఇంట్లో చెబితే బాపు, "అంటే పొలం నీది గాదు, ఒడ్డు నీది. అంతేనా బిడ్డా?" అన్నాడు. ఎగతాళిగా అన్నాడు గానీ, నా ఉద్యోగం గురించి అంత సరైన మాట ఇంతవరకు ఇంకెవరూ అనలేదు.

ఒడ్డు అంటే, పొలం గట్టు అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ బాగా తెలుసు. తొంభైల్లో గౌడవెల్లిలో మాకు ద్రాక్షతోట ఉండేది. ఇప్పుడా వైపు వెళ్లి, ఇక్కడ ద్రాక్ష పండేదంటే ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్లు నవ్వుతారు. ఆ రోజుల్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా పందిళ్లే. నిలబెట్టిన రాతికడీలు, వాటి మీద ఇనుపతీగలు, తీగలకు వేలాడే అనాబ్-ఎ-షాహీ గుత్తులు. మా తోటలో బోరు మోటరు ఒక కొసన ఉండేది. అక్కడ మట్టి నల్లగా, పాదం పెడితే అంటుకునేలా ఉండేది. రెండో కొసకు పోయేసరికి ఎర్రటి చెల్క, చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. ఒకే తోటలో రెండు రకాల నేల ఉండటం మా దగ్గర వింతేమీ కాదు. ఎవరూ దాని గురించి ఆలోచించేవాళ్లు కూడా కాదు.

ఆ చెల్కలో చివరి సాలు మా అవ్వది, అంటే బాపు వాళ్ల అమ్మది. తోట పెట్టిన ఏడు అవ్వ తన పుట్టిల్లు లాల్‌గడి మలక్‌పేట్‌కు పోయి, తమ్ముడి తోటలోంచి కొమ్మలు కోయించుకుని, తడిగుడ్డలో చుట్టుకుని బస్సులో తెచ్చింది. ఆమె వచ్చేసరికి మంచి జాగా అంతా నిండిపోయింది. మిగిలిన చివరి సాలు బాపు ఆమెకు చూపించాడు. అవ్వ అక్కడే నాటుకుంది.

మా వైపు తోటలోళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి కొమ్మ తెచ్చి నాటుకున్నామో, ఆ తీగకు కాసిన తొలి గుత్తులు వాళ్ల ఇంటికే పోవాలి. అందుకే ప్రతి ఏడూ కోతలు మొదలు కాగానే అవ్వ తన సాలులోని తొలి గుత్తులు గంపలో పేర్చుకుని, పైన ఆకులు కప్పుకుని, మేడ్చల్‌లో బస్సు మారి తమ్ముడి ఇంటికి పోయేది. గంప ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. తిరిగొచ్చాక వారం రోజులు ఆ ముచ్చట్లే. తమ్ముడు మొదటి పండు నోట్లో వేసుకుని ఏమన్నాడు, మరదలు ఏం వండింది, అక్కడి బావిలో నీళ్లెన్ని ఉన్నాయి. అవ్వకు మా తోట మొత్తం ఒక ఎత్తు, ఆ సాలు ఒక్కటీ ఒక ఎత్తు.

తోటకు తడి పెట్టడం మాత్రం పెద్ద పరేషాన్. కరెంటు ఏ వేళకు ఇస్తారో ఆ వేళకే మోటరు నడవాలి. బాపు మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. షిఫ్టుకు పోవాలా, తోటలో నిలబడాలా? కరెంటు రాగానే మోటరు దానంతటది నడవడానికి అందరి లాగే ఆయనా ఆటో స్టార్టరు పెట్టించాడు. ఆపడానికి మాత్రం మనిషి కావాలి. నీళ్లు చివరి సాలుకు చేరగానే ఆపాలి, లేకపోతే ఒడ్డు తెగి పక్కవాళ్ల వంకాయ మడిలో పడతాయి. అవ్వ ఆ కొసన నిలబడి "వచ్చినయ్!" అని కేక వేస్తే బాపు ఈ కొసన మోటరు బంద్ చేసేవాడు. అవ్వ కేకకు మా ఊరి స్టేషన్లో రైలుకోసం నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లని అమ్మ నవ్వేది.

బాపు ఫిట్టరు కదా, ఊరుకుంటాడా? మోటరు షెడ్డు పక్కనే నీడలో ఒక గుంత తవ్వాడు. కాలువ మొదట్లోంచి సన్నటి పైపు ముక్కతో ఆ గుంతలోకి కాసిన్ని నీళ్లు మళ్లించాడు. గుంతలో ఒక ఖాళీ నూనె డబ్బా, దాని మీద నిలువుగా కర్ర. గుంత నిండితే డబ్బా తేలుతుంది, కర్ర పైకి లేస్తుంది, స్టార్టరు మీది ఎర్ర బటన్‌ను నొక్కుతుంది, మోటరు ఆగుతుంది. తర్వాతి తడికి ముందు గుంత తోడేసి పెడితే చాలు. పైపు మూతికి గుడ్డ కుక్కుతూ, తీస్తూ నాలుగైదు తడులు సరి చూసుకున్నాడు. సరిగ్గా అవ్వ "వచ్చినయ్" అనే వేళకే గుంత నిండేది. ఊళ్లోవాళ్లు వచ్చి మరీ చూసిపోయారు.

నేను గుంత పక్కన కూర్చుని నా ప్రశ్న నేను అడిగాను. "బాపూ, ఆ కొసకు నీళ్లు పోయినట్టు దీనికెట్ల తెలుసు?"

"దానికి తెల్వది బిడ్డా. గా గుంత నిండేంత సేపట్ల నీళ్లు గాడికి పోతయ్. గంతే."

ఆ జవాబు నాకు మస్తు నచ్చింది. ఏమీ తెలియకుండానే తెలిసినట్టు పని చెయ్యొచ్చన్నమాట! ఆ రాత్రి అన్నం తింటూ కూడా దాని గురించే మాట్లాడాను. బాపు నిశ్చింతగా షిఫ్టుకు పోసాగాడు. అవ్వ కేకలతో ఇక ఎవరికీ పని లేకుండా పోయింది.

గుంత తవ్వింది చలికాలంలో, వానల తడి నేలలో ఇంకా ఆరకముందు. కాయ ఊరే కాలానికి ఎండలు ముదిరాయి. అవ్వ సాలులో ఆకులు వాలిపోయాయి. కాయలు శనగగింజలంత అయ్యి అక్కడే ఆగిపోయాయి. బాపు తెగులు అనుకుని మందు కొట్టాడు. అవ్వ రోజూ ఒకటే మాట.

"నీళ్లొస్తలేవురా నా సాలుకు."

"గుంత నిండినంకనే గదనే అమ్మా మోటరు బందయ్యేది? గుంతల సూడు, నిండుగున్నది."

"నీ గుంత నిండితె నా సాలు నిండినట్టారా? నేనాడ నిలబడి మొత్తుకుంటనే ఉన్న, ఇంక రాలే, ఇంక రాలే అని. ఇనేటోడు ఎవడున్నడీడ?"

నిజంగానే ఎవరూ లేరు. అలవాటు కొద్దీ అవ్వ తడి పెట్టిన ప్రతిసారీ ఆ కొసకు పోయి నిలబడేది. "రాలే" అని కేక వేసేది. ఈ కొసన ఒక నూనె డబ్బా ఉండేది. డబ్బాకు చెవులుండవు. బాపు గుంతను నమ్మాడు, నేనూ నమ్మాను. అవ్వకు వయసు మీద పడి చూపు ఆనడం లేదని అమ్మ కూడా అనుకుంది.

బడికి సెలవున్న ఒక రోజు నేను గుంత దగ్గర కాపు కాశాను. డబ్బా తేలింది, కర్ర లేచింది, మోటరు ఆగింది. అవ్వ కేక వినబడింది. "రాలే!" నేను కాలువ వెంబడి పరుగెత్తాను. నీళ్లు చివరి సాలు మొదట్లోనే ఇంకిపోయి ఉన్నాయి. అవతల ఎర్రమట్టి ఎండిపోయి, పగుళ్లు కూడా లేకుండా పిండిలా ఉంది. అవ్వ నన్ను చూసి, "నువ్వన్న వచ్చినవా?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. అంతసేపు అరిచిన మనిషి మాట తప్పు, నోరులేని గుంత మాట ఒప్పు అని మేమందరం అనుకున్నాం.

సాయంత్రం బాపును చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించాను. ఆయన మర్నాడు గుంత పెద్దది చేశాడు. అప్పుడు నీళ్లు చివరిదాకా పోయాయి. ఆ తర్వాత అకాల వాన ఒకటి పడింది. నేల అంతా తడిసి ఉంది, నీళ్లు ఎప్పుడో చేరిపోయాయి, పెద్ద గుంత మాత్రం ఇంకా నిండలేదు. మోటరు నడుస్తూనే ఉంది. ఒడ్డు తెగి పక్కవాళ్ల వంకాయ మడి మునిగింది. వాళ్లు మా ఇంటి ముందుకొచ్చి తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను.

బాపు గుంత ఒడ్డున చాలాసేపు కూర్చున్నాడు. ఒక చేతిలోకి షెడ్డు దగ్గరి నల్లమట్టి తీసుకున్నాడు. నన్ను పంపి ఆ కొస నుంచి చారెడు చెల్క తెప్పించుకుని రెండో చేతిలో పోసుకున్నాడు. రెండింటి మీదా కాసిన్ని నీళ్లు పోశాడు. చెల్క గుటుక్కున తాగేసింది. నల్లమట్టి మీద నీళ్లు అట్లాగే నిలబడ్డాయి. బాపు తనను తాను ఒక బూతు తిట్టుకుని నవ్వాడు.

"నేను నల్లమట్టిని అడిగి చెల్క సంగతి తెల్సుకుంటున్న బిడ్డా. దానికేం ఎరుక, దీని దూప?"

షెడ్డు నీడలోని గుంత పూడ్చేసి, ఎండ పడే చోట కొత్తది తవ్వాడు. అవ్వ సాలు పక్కనుంచి గంపలకొద్దీ చెల్క మోసుకొచ్చి దాని అడుగునా గోడలకూ దట్టంగా వేశాడు. ఎండ కాస్తే అదీ ఎండేది, వాన పడితే అదీ తడిసేది. ఆ కొస ఎంత తాగితే ఇదీ అంతే తాగేది. అవ్వ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నా సాలు మట్టి గింత తవ్వుకపోతున్నవ్, మల్ల నింపుడు ఎవలు?" అని పోట్లాడింది.

ఆ ఏడు మాత్రం అవ్వ సాలు కాయలేదు. బాపు మంచి సాళ్లలోంచి పెద్దపెద్ద గుత్తులు కోసి గంప నింపి ఇస్తే అవ్వ ముట్టుకోలేదు. "గవి ఆ కొమ్మవి గావు" అంది. ఉత్త చేతులతో పోలేనని ఊళ్లోనే ఉండిపోయింది. మరుసటి ఏడు తీగలు బతికి కాసేసరికి ఆమె తమ్ముడు లేడు. వానల్లో జ్వరం వచ్చి పోయాడు. తొలి గుత్తులు మరదలికి ఇచ్చి వచ్చింది అవ్వ. వారం ముచ్చట్లు లేవు.

తోట కూడా ఎక్కువ కాలం నిలబడలేదు. బోర్లు ఎండాయి, ఒక్కొక్క పందిరీ దిగింది, రాతికడీలు ఎవరి ఇంటి మెట్లకో పోయాయి. నేను మేడ్చల్ పక్కనే కొత్తగా వెలసిన ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, రెండు వేల సంవత్సరం దాటాక నగరంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. పొద్దున్నే మేడ్చల్ డిపో నుంచి వచ్చే బస్సులో నిలబడి పోవడం, చీకటి పడ్డాక నిలబడే రావడం.

చేరిన కొత్తలో మా టీమ్ లీడ్ బోర్డు మీద బొమ్మ గీసి మెమరీ చదవడం ఎలాగో చెప్పారు. గదులన్నీ సాళ్లుగా ఉంటాయి. ఒక్కో గదిలో ఒకటో, సున్నానో. గది ఎంత చిన్నదంటే దానికి గట్టిగా చెప్పే శక్తి ఉండదు. పక్కనే రెండు పొడవాటి తీగలను కరెంటుతో సమానంగా నింపి ఉంచుతారు. గదిని పిలవగానే అది ఆ రెంటిలో ఒకదాని వోల్టేజీని కొద్దిగా కిందికి లాగుతుంది. అంచున కూర్చున్న సెన్స్ యాంప్లిఫయర్ అనే సర్క్యూట్ ఏ తీగ దిగిందో చూసి, ఇది ఒకటి, ఇది సున్నా అని తీర్పు చెబుతుంది. దాని తలుపు ఒక్కసారే తెరుచుకుంటుంది. తీగ దిగకముందే తెరిస్తే నోటికొచ్చింది చెప్పేస్తుంది, మళ్లీ మార్చుకోదు. ఆలస్యంగా తెరిస్తే చిప్పు నత్తనడక నడుస్తుంది.

"ఎప్పుడు తెరవాలో దానికి ఎలా తెలుసు సార్?" అన్నాను.

ఆయన చాక్‌పీసు కింద పెట్టి నా వైపు చూశారు. "అది అడిగే వాళ్ల కోసమే చూస్తున్నాను. ఆ బ్లాకు నువ్వే చెయ్యి" అన్నారు.

అప్పటికి వాళ్ల దగ్గర ఉన్న పద్ధతి సులభమైనది. గేట్లు అనే చిన్నచిన్న సర్క్యూట్లను గొలుసుకట్టుగా పెట్టి, ఒక సంకేతాన్ని ఈ చివర వదిలితే అది ఆ చివరకు చేరేసరికి గది కూడా తీగను లాగేసి ఉంటుందని లెక్క. లెక్క కంప్యూటర్‌లో చక్కగా కుదిరింది. నేనూ అదే పెట్టాను. పరీక్ష కోసం చేయించిన చిప్పు కొన్ని నెలలకు తయారై వచ్చింది. మామూలు వోల్టేజీలో బంగారంలా పనిచేసింది. వోల్టేజీ తగ్గించి, చల్లబరిచి పరీక్షిస్తే తప్పులు చదవడం మొదలుపెట్టింది. తప్పు చదివిన గదులన్నిటినీ చుక్కలుగా అచ్చేసిన కాగితం నా బల్ల మీదికొచ్చింది. చుక్కలు చెల్లాచెదురుగా లేవు. అంచుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చివరి సాలులోనే కుప్ప పడి ఉన్నాయి.

ఆ చుక్కల మీద వేలు పెట్టాను. ఎర్రమట్టి కనబడింది. "రాలే" అన్న కేక వినబడింది.

మీటింగులో మా లీడ్, గొలుసులో ఇంకొన్ని గేట్లు కలిపితే సరిపోతుందన్నారు. "అది గుంత పెద్దది చేయడం సార్. వాన పడ్డప్పుడు పక్క మడి మునుగుతుంది" అనేశాను. అందరూ నా వైపు చూశారు. ఇక తప్పక తోట కథ మొత్తం చెప్పాను. గేట్లు నల్లమట్టి, గదులు చెల్క. వోల్టేజీ తగ్గితే గేట్లు కొంచెం నెమ్మదిస్తాయి, గదులు అంతకన్నా ఎక్కువ నీరసపడతాయి. గేట్లను అడిగి గదుల సంగతి తెలుసుకుంటే ఏదో ఒక వాతావరణంలో మోసపోవడం ఖాయం. కాబట్టి అచ్చం అవే గదులతో, అంతే పొడవు తీగతో అంచున ఒక ఉత్తుత్తి వరస పెడదాం. అది దిగిందంటే అసలుదీ దిగినట్టే.

"ఎవరి సమాచారమూ దాచని గదులకు అంత జాగా ఎందుకు?" అని ఒకరు గొణిగారు. లీడ్ మాత్రం, "వాన పడ్డ రోజు చెల్క గుంత త్వరగా నిండిందా?" అని అడిగారు. నిండిందన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదని, ప్రపంచంలో చాలామంది ఎప్పటి నుంచో చేస్తున్నదేనని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

సర్క్యూట్‌లో ప్రతి తీగకూ ఒక పేరు పెట్టాలి. ఆ ఉత్తుత్తి వరస నుంచి వచ్చి సెన్స్ యాంప్లిఫయర్ తలుపు తెరిపించే తీగకు నేను 'అవ్వ' అని పెట్టాను. ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఉండటం వల్ల అదేదో సాంకేతిక పదానికి పొట్టి రూపమనుకుని ఎవరూ అడగలేదు. రివ్యూల్లో పెద్దపెద్ద వాళ్లు కూడా గంభీరంగా "అవ్వ ఇంకా రాలేదు కదా, అప్పుడే తెరవకూడదు" అంటుంటే నేను తల వంచుకుని నవ్వుకునేదాన్ని. రెండో చిప్పు వచ్చింది. చలిలో, తక్కువ వోల్టేజీలో, అన్నిటా పరీక్షించారు. ఈసారి చివరి సాలు మీద ఒక్క చుక్క లేదు.

ఆ ఆదివారం చిప్పు బొమ్మ పెద్ద కాగితం మీద అచ్చు తీసుకుని ఇంటికి తెచ్చాను. అవ్వ మంచం మీద పరిచాను. అవ్వకు అప్పటికి చూపు నిజంగానే మందగించింది. బాపు కళ్లజోడు పెట్టుకుని వంగాడు.

"మోటరేది బిడ్డా?"

చూపించాను.

"గుంతేది?"

అంచున సన్నటి పట్టీలా ఉన్న ఉత్తుత్తి వరసను చూపించాను.

"మట్టి అదే ఏసినవా?"

"అదే మట్టి బాపూ. ఇగో, దీన్నుంచి వచ్చే తీగ పేరు అవ్వ."

అవ్వ తల తిప్పింది. "నా పేరెందుకే దానికి?"

"చివరిదాకా వచ్చిందని నువ్వు చెప్పాలే అవ్వా. నువ్వు చెప్పకపోతే తలుపు తెరుసుకోదు. లోపల ఎన్ని ఉన్నా, ఎంత జల్దీ ఉన్నా, అన్ని నీ కోసం ఆగుతయ్."

అవ్వ ముందుకు వంగింది. కాగితం మీద చెయ్యి పెట్టి తడిమింది. నేను ఆమె వేలు పట్టుకుని ఆ తీగ మీద పెట్టి, ఆ కొస దాకా నడిపించాను.

"గిప్పుడన్న ఇంటున్రా నా మాట" అంది. కోపంగా కాదు, మామూలుగానే. తర్వాత బాపు ఉన్న వైపు ముఖం పెట్టి అంది. "గా యేడు గూడ గిట్లనే ఇనుంటె, మా తమ్ముడు పండు తిని పోతుండెరా."

బాపు కళ్లజోడు తీసేశాడు. అవ్వ కాళ్ల దగ్గర మంచం పట్టె మీద కూర్చున్నాడు. అవ్వ వేలు ఇంకా ఆ చివరి సాలు మీదే ఉంది.